తక్కువ ధరలో కెమెరా.. లెన్సులో బూజుంటే వద్దు

రాజమహేంద్రవరం: పుష్కర ఘాట్‌లో సాయంత్రపు గోదావరి హారతిని స్పష్టంగా చిత్రించాలంటే కెమెరాలో ముందుగా చూడాల్సింది మెగాపిక్సెళ్లు కాదు, సెన్సర్ పరిమాణం. చవక కెమెరాల్లో సాధారణంగా ఉండే 1/2.3 అంగుళాల రకం కన్నా 1 అంగుళం రకం సెన్సర్ వైశాల్యం దాదాపు 4 రెట్లు. ఆ మేరకు వెలుతురును ఎక్కువగా గ్రహిస్తుంది. డిజిటల్ జూమ్ అంకెను లెక్కచేయనక్కర లేదు, అది ఉన్న చిత్రాన్ని సాగదీయడమే.

పరిమిత సొమ్ముతో పెద్ద సెన్సర్ కావాలంటే వాడిన డీఎస్ఎల్ఆర్ మేలు. అయితే డెల్టాలో గాలి తేమకు, బీరువాల్లో పడి ఉన్న లెన్సులకు బూజు పడుతుంది. లెన్సు గుండా టార్చి వెలుగు పంపితే సాలెగూడు వంటి పోగులు కనిపిస్తాయి. అటువంటిది ఎంత చవకైనా కొనరాదు. శుభ్రం చేయించినా అద్దంపై పూత అప్పటికే దెబ్బతిని ఉండవచ్చు. కొన్న కెమెరాను సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో భద్రపరచాలి. కొందరు బియ్యంలో దాస్తారు గానీ, ఆ పిండి లెన్సు సందుల్లోకి చేరుతుంది.