దున్నిన నేలే ధూళై లేచింది

అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఓక్లహోమా రాష్ట్రం పడమటి కొసన ఉన్న సిమరాన్ కౌంటీలో వాన తక్కువ, గాలి ఎక్కువ. ఆ బాధ మెట్ట రైతులకు కొత్తగా చెప్పాలా! ఒకప్పుడదంతా పశువులు మేసే గడ్డిబీడు. గోధుమకు మంచి ధర పలికేసరికి బీడంతా వేళ్లతో సహా దున్నేశారు. 1930ల్లో వరుస కరువులొచ్చాయి. చేలో పైరు లేదు, మట్టిని పట్టి ఉంచే గడ్డివేరూ లేదు. పైమట్టి గాలికి లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి కమ్మింది. 1930లో 5,408 మంది ఉన్న కౌంటీలో 2020 జనాభా లెక్కల నాటికి మిగిలింది 2,296 మందే. అందరూ ధూళి వల్లే పోయారనలేం, యంత్రాలొచ్చి కమతాలు పెద్దవైనా కూలి జనం తగ్గుతారు.

తర్వాత అక్కడ గాలికి అడ్డంగా చెట్లు పెంచారు. మీరూ కోత కాగానే కొయ్యకాళ్లు తగలబెట్టకండి, తొలకరి దాకా చేలోనే ఉంచండి. గట్టు మీద గడ్డిని చెక్కేయకండి.