విసురురాతి పాటకు తోడు గొంతు

మీలో అరువది డెబ్బది యేండ్లు దాటినవారు ఒక్క క్షణము మీ బాల్యమును తలచుకొనుడు. కోడి కూయకముందే వెనుకటి పంచలో విసురురాయి తిరుగుచుండెడి చప్పుడును, దానిపై ఇరువురు స్త్రీలు ఒకరి తరువాత ఒకరు అందుకొనెడి పాటను మీరు తప్పక వినియుందురు. ఆ పాటకు తంబుర లేదు, మద్దెల లేదు, తాళపుచిప్పలు లేవు. రాయి తిరుగుటయే దానికి తాళము. అట్టి పాటను నేడు మన యింటిలోనే యెట్లు పట్టి దాచవచ్చునో, ఆ పనిలో నేను పడిన తప్పటడుగు లెట్టివో, కడకు నేర్చుకొన్నదేమో మీకు మనవి చేసెదను.

మన కర్నూలు, కడప సీమలు మెట్టప్రదేశములు. జొన్న, సజ్జ, రాగి మన పూర్వుల యాహారము. వడ్లను దంచిన చాలును. జొన్నలను, రాగులను విసరవలెను. రాయి పెద్దదైనచో ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా కూర్చుండి ఒక్క పిడినే పట్టుకొని త్రిప్పెడివారు. పిడి తన వైపునకు వచ్చినపుడు ఒకతె లాగును. అటు పోయినపుడు రెండవయామె లాగును. పాటయు నట్లే నడచును. ఒకతె చరణ మెత్తును. ఆమె ఊపిరి తీరవచ్చునంతలో ఎదుటి యామె అందుకొనును. మొదటి గొంతులోని కడపటి యక్షరము ఇంకను సాగుచుండగనే రెండవ గొంతు ప్రారంభమగును. అందుచే రాయి ఆగదు, పాట తెగదు. ఈ పాట ఇద్దరిది, ఒకరిది కాదు. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెను.

తరువాత ఊరూరను పిండిమరలు వచ్చినవి. ఆడవారికి నడుము నొప్పి తప్పినది, అది మేలే. కాని రాయి గోడమూలకు చేరినది, దానితో పాటయు మూలపడినది. బావులకు మోటారు యంత్రములు వచ్చినపుడు కపిల పాటకును ఇదే గతి పట్టినది. పని కొఱకు పుట్టిన పాట పని పోయిన పిమ్మట నిలుచుట దుర్లభము.

“పాటలను పుస్తకములలో వ్రాసియుంచలేదా?” యని మీరడుగవచ్చును. వ్రాసిరి. మన కడప సీమలోని తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యులు (1408–1503) గొబ్బిపాటలు, సువ్విపాటలు, ఏలలు, లాలిపాటలు మొదలగు పల్లెపాటల తీరున సంకీర్తనములు రచించెను. వానిని రాగిరేకులపై చెక్కించిరి. ఆ రేకులు తిరుమలలో నిలిచినవి. వానిపై పదములున్నవి, రాగముల పేర్లున్నవి. కాని వానిలో పెక్కు పాటలను ఆయన ఏ మట్టున పాడెనో చెప్పుటకు రేకులకు నోరు లేదు. నేడు మనము వినుచున్న మట్టులలో చాల భాగము ఇరువదవ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. 1874లో జె. ఏ. బాయిల్ అను ఆంగ్లేయుడు ‘ఇండియన్ ఆంటిక్వరీ’ యను పత్రికలో తెలుగు వీరగాథలను గూర్చి వ్రాసి, సర్వాయి పాపని పాట మొదలగువానిని వెలికి తెచ్చెను. ఆచార్య బిరుదురాజు రామరాజుగారు 1958లో ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ అను మహాగ్రంథమును ప్రకటించిరి. ఈ మహనీయులకు మన మెంతయు ఋణపడియున్నాము. అయినను కాగితమునకు మాట అంటును, గొంతు అంటదు.

గొంతును పట్టు విద్య 1877లో అమెరికా దేశమున ఎడిసన్ నిర్మించిన యంత్రముతో మొదలైనది. ఆ తరువాత గ్రామఫోను పలకలు, అయస్కాంతపు నాడాలు వచ్చినవి. 1963లో మన కడపలోనే ఆకాశవాణి కేంద్రము వెలసినది. పూర్వము పాట కొఱకు పట్టణమునకు పోవలసియుండెను. నేడు ప్రతి యింటను ఉన్న సెల్‌ఫోనే ఆ పని చేయగలదు.

ఇక నా కథ. మా మేనత్తకు ఎనుబది యేండ్లు దాటినవి. కుందూనది యొడ్డున నొక పల్లె ఆమె మెట్టినిల్లు. కొత్తకోడలుగా వచ్చిన నాటినుండి తన తోడికోడలితో కలిసి విసరుచు ఒక పెద్ద పాట పాడెడిది. కరువు సంవత్సరమున అన్న ఒకడు చెల్లెలిని పుట్టింటికి పిలువ వచ్చును. అతడు ప్రశ్నలడుగును, చెల్లెలు జవాబులు చెప్పును. నీ గాదెలో గింజలున్నవా, నీ బావిలో నీరున్నదా, నీవు నాతో వచ్చెదవా — ఇట్లు సాగును. ప్రశ్నలు మా అత్తవి, జవాబులు ఆ తోడికోడలివి. ఆమె కాలము చేసి చాల యేండ్లైనది.

ఫోను ముందుంచి పాడుమనగా మా అత్త నాలుగు ప్రశ్నలు పాడి ఊరకుండెను. “ఏమత్తా?” యని యడిగితిని. “అబ్బీ, ఇసుర్రాయికి ఇద్దురుండల్ల. ఒంటిదాన్ని నేనడిగితే జవాబు చెప్పేదెవురు?” అనెను. జవాబులు తెలియవా యనగా, తెలియునుగాని అడిగినవారు లేక నోటికి రావనెను. ముఖ్యముగా కడపటి జవాబు, అనగా చెల్లెలు పుట్టింటికి పోయెనా లేదా యనునది, ఎంత తలచినను ఆమెకు తోచలేదు.

అపుడు కళాశాలలో చదువుచున్న మా మనుమరాలు ఒక ఉపాయము చెప్పినది. “తాతా, జేజి ప్రశ్నలను ముందు పట్టుదము. వానిని జేజికే వినిపించి జవాబులు పాడించి, రెండింటిని పొరలుగా కూర్చుదము” అనినది. ఒక గొంతుపై నదే గొంతును పొరగా పరచుట కొత్త విద్య కాదు. 1941లోనే అమెరికాలో సిడ్నీ బెషే అను వాద్యకారుడు ఆరు వాద్యములను తానొక్కడే ఒకదాని తరువాత నొకటి వాయించి ఒక్క పలకపై కూర్చెను. ఆ కాలమున పొర చేర్చినకొలది వెనుకటి పొర మసకబారెడిది. నేడు కంప్యూటరులో ప్రతి పొరయు వేరుగా నిలుచును. ఆడాసిటీ యను సాధనము ఉచితముగ లభించును. మేము దానినే వాడితిమి.

మొదటి ప్రయత్నము చెడినది. ప్రశ్నలను ఒక ఫోనులో పైకి వినిపించి, జవాబులను రెండవ ఫోనులో పట్టితిమి. ప్రశ్నల ధ్వనియు ఆ రెండవదానిలో చొరబడెను. రెండు పొరలను కలుపగా ప్రశ్న రెండుమారులు, బావిలో అరచినట్లు వినబడెను. దానికి తోడు పైకప్పు రేకుల మ్రోత, ఫంకా రొద, దూరమున బోరుమోటారు.

రెండవనాడు తీరు మార్చితిమి. జొన్నమూటలు పేర్చిన కొట్టుగదిలో గోడలకు బొంతలు వ్రేలాడదీసితిమి. బొంత ధ్వనిని పీల్చుకొనును, మారుమ్రోత నుండదు. ఊరు మాటుమణగిన తరువాత ఫంకా ఆపి కూర్చుంటిమి. ఫోనును నోటికి జేనెడు దూరమున, కొంచెము ప్రక్కగా ఉంచితిమి; ఎదురుగానుంచిన ప, బ అక్షరముల గాలి దానికి కొట్టి టప్పుమనును. మా అత్తకు ఇయర్‌ఫోను ఒక్క చెవిలోనే పెట్టితిమి. రెండవ చెవి తన గొంతు తాను వినుటకు విడిచితిమి. ప్రశ్నల పొరకు ముందు మూడు చప్పట్లు కొట్టి పట్టితిమి. యంత్రము ధ్వనిని వినిపించుటకును, పట్టి దాచుటకును కొంత ఆలస్యము చేయును; అందుచే రెండవ పొర రవంత వెనుకబడును. ఇయర్‌ఫోనులోని చప్పట్లను రెండవ పొర మొదటను ఒక్కమారు పట్టియుంచినచో, పిదప రెండు పొరల చప్పట్లను ఒకచోటికి జరిపి సరిచేయవచ్చును.

తన ప్రశ్న తన చెవిని పడగానే మా అత్త ఉలికిపడినది. “ఇది నా గొంతేనా? మా యమ్మ గొంతు మాదిరుందే!” యనినది. పిదప మెల్లగా జవాబు లందుకొన్నది. ఒకటి, రెండు, మూడు సాగినవి. కడపటి ప్రశ్నకడ మరల ఆగెను. ఆ రాత్రి అంతటితో విడిచితిమి. మరునాటి రాత్రి మొదటినుండి వినిపించితిమి. ఈసారి ఆమె కుడిచేయి తనకు తెలియకయే ఒడిలోని బొంతపై గుండ్రముగా తిరుగసాగినది, రాతిపిడి పట్టినట్లు. కడపటి ప్రశ్న వచ్చెను. చేయి ఆగలేదు, నోరును ఆగలేదు. చెల్లెలు పోలేదు. పెట్టుపోతలు కలనాడు వచ్చెదను గాని, కరువునాడు అత్తింటి పొయ్యి నార్పి రానని ఆమె జవాబు. పాట ముగిసినపిమ్మట మే మెవ్వరమును కొంతసేపు మాటలాడలేదు. మా అత్త కొంగుతో ముఖము తుడుచుకొని, “అది మా యక్క గొంతుతో వచ్చిందిరా” అనినది.

తరువాత పల్లవిని నిండుగా వినిపింపవలెనని తలచితిమి. ఇచట మీరొక సూక్ష్మము గమనింపవలెను. ఒక గొంతును పట్టి నాలుగు నకళ్ళు తీసి కలిపినచో నాలుగు గొంతులు కావు. ఒక్క గొంతే బిగ్గరగా వినబడును. ఇద్దరు మనుష్యులు కలిసి పాడినపుడు వారి స్వరములు కేశమాత్రమైనను భేదించును. ఒక గొంతు సెకండునకు 220 కంపనములు, మరియొకటి 222 కంపనములు చేసినచో, వినువారికి సెకండునకు రెండుమారులు ఆ ధ్వని పొంగి తగ్గును. ఈ పొంగులే గుంపుపాటకు నిండుదనమిచ్చును. కావున ప్రతి పొరను క్రొత్తగా పాడించవలెను. మా అత్త పల్లవిని మూడు మారులు పాడెను. నాలుగవ పొరగా షడ్జమమున ‘ఊఁ’ యని సన్నగా శ్రుతి పట్టెను.

మనుమరాలు చలనచిత్రములలోవలె వేరు స్వరములను జంటగా చేర్పవలెనని ముచ్చటపడినది. జార్జియా దేశపు పల్లెలలో మూడు గొంతులు మూడు వేరు స్వరముల నొక్కమారు పాడుట పూర్వాచారము, వినుటకు రమ్యముగనుండును. మన పల్లెపాట తీరు వేరు. అందరిదియు ఒక్క మట్టే. మగవారు క్రింది స్థాయిని, ఆడువారు దానికి రెట్టింపు కంపనములు గల పై స్థాయిని అందుకొందురు. ఒకరి కడపటి యక్షరముపై ఇంకొకరి మొదటి యక్షరము పడుటయే మన పొందిక. పిల్ల తన కూర్పును వినిపింపగా మా అత్త నవ్వి, “బాగుండాది పాపా, గానీ ఇది మన రాయి కాదు” అనినది. దానిని తీసివేసితిమి.

ఈ పనికి పూనుకొనువారికి రెండు మాటలు. పాడినవారి యనుమతి గైకొనుడు. ఊరు, తేది, ఏ పనిలో పాడిన పాటయో మొదటనే నోటితో చెప్పి పట్టుడు. పొరలుగా కూర్చినచో, ఈ గొంతులన్నియు ఒక్కరివేయని స్పష్టముగ చెప్పుడు. లేనిచో ముందుతరమువారు నలుగురు పాడిరని భ్రమపడుదురు. కుదింపు లేని వేవ్ రూపమున దాచి, మూడు ప్రతులు మూడు చోట్ల నుంచుడు. పొరలను కలిపిన ప్రతితోపాటు విడిపొరలను గూడ తప్పక దాచుడు.

విడిపొరల వలని ఫలమును చెప్పి ముగించెదను. ఒకనాటి సాయంకాలము మనుమరాలు జవాబుల పొరను మూసి, ప్రశ్నల పొరను మాత్రము వినిపించుకొనుచు, జవాబులు తాను పాడుచుండగా చూచితిని. రెండు మూడు చోట్ల తప్పినది. మంచముపైనున్న మా అత్త అక్కడినుండియే దిద్దెను. కొంతసేపటికి లేచి వచ్చి, ఆ యంత్రము నాపివేయుమని, పిల్ల కెదురుగా కూర్చుండి ప్రశ్నలను తానే యెత్తుకొనెను. ఆ పాటను గూడ పట్టితిమి. అందులో కుక్క అరపు వినబడును, పిల్ల తడబాటు వినబడును. అయినను మా యింట దాచిన పాటలలో నాకు ప్రియమైనది అదియే.

పెద్దలారా! పొరల విద్య ఒక్కరే మిగిలినపుడు చేసికొను ఏర్పాటు. మీ యూర అట్టి పాట నెరిగినవారు ఇద్దరింకను ఉన్నచో, ఈ పంటకాలము ముగియుటకు ముందే వారిని ఎదురెదురుగా కూర్చుండబెట్టుడు. ఒక్కరే యున్నచో, ఎదుట నొక పిల్లను కూర్చుండబెట్టుడు.