మోకు – మేకు

నిజామాబాదు పట్టణమున కంఠేశ్వర్ అను పేట కలదు. అచ్చటి నీలకంఠేశ్వరాలయమున రథసప్తమికి ఏటేట జాతర జరుగును. తెలుగునాట పూర్వము జాతరలలోను, ఊరి నడివీధులలోను దొమ్మరులు మోకుపై నడిచి జనులను అలరించెడివారు. డోలు మ్రోగుచుండగా, చేత గడ పట్టి ఒక బాలిక మోకుపై అడుగిడినంతనే చూపరులందఱు తలలెత్తి ఆమెనే చూచెడివారు. కాని ఆమె ప్రాణము ఎవ్వరి కంటికిని ఆనని యొక మేకుపై ఆధారపడి యుండెడిది.

ఆ కట్టు ఎట్టిదో పరిశీలింతము. రెండేసి వెదురు గడలను కత్తెరవలె కట్టి రెండు చోట్ల నిలుపుదురు. వాని మీదుగా మోకును లాగి, రెండు కొనలను ఇరుప్రక్కల నేలలో దిగగొట్టిన మేకులకు బిగింతురు. గడలు మోకును ఎత్తి పట్టును; లాగుడును ఓర్చునది మేకే.

ఆ లాగుడు ఎంత? 50 కిలోల మనిషి 10 మీటర్ల మోకు నడుమ నిలువగా, అది అర మీటరు క్రుంగెననుకొందము. అప్పుడు ఒక్కొక్క కొనపై సుమారు 250 కిలోల బరువుతో సమానమైన లాగుడు పడును. మోకును మఱింత బిగించి, పావు మీటరే క్రుంగునట్లు చేసినచో, అది సుమారు 500 కిలోలగును. మోకు ఎంత బిగువైన, మేకునకు అంత భారము.

కావున మేకును దాని తల మోకునకు ఎడముగా వాలునట్లు కొట్టవలెను. ముడి నేలకు ఆనుకొని యుండవలెను. పైకి కట్టినచో మేకు సులభముగా ఒఱగును. గడలకు మిక్కిలి దగ్గఱగా పాతినచో మోకు దానిని పైకి పెఱుకును. ఒకటి చాలనిచో వెనుక మఱియొకటి పాతి, ముందుదాని తలను వెనుకదాని మొదటికి కట్టవలెను. నేల స్వభావమును గూడ ఎఱుగవలెను. బోధన్ ప్రాంతపు నల్లరేగడి ఎండినప్పుడు గట్టిగా నుండి, తడిసినంతనే మెత్తబడును. ఉదయము నిలిచిన మేకు వాన వెలిసిన పిదపను నిలుచునని నమ్మరాదు.

నేడు పలు దేశములలో యువజనులు రెండు చెట్ల నడుమ వెడల్పైన పట్టీని బిగించి, దానిపై నడచుటను వ్యాయామముగా అభ్యసించుచున్నారు. దీనిని స్లాక్‌లైన్ అందురు. 1980 ప్రాంతమున అమెరికాలోని యోసెమిటీ లోయలో కొండలెక్కువారి నడుమ ఇది ప్రచారమునకు వచ్చినది. దీనికిని అదే సూత్రము. లావైన పచ్చని చెట్టునే ఎన్నుకొని, బెరడు ఒఱయకుండ గోనెపట్ట చుట్టవలెను. విద్యుత్ స్తంభమునకు గాని, పిట్టగోడకు గాని ఎన్నడును కట్టరాదు. పట్టీని మోకాలెత్తునకు మించక కట్టి, క్రింది ఱాళ్లను ఏఱివేసి, పెద్దలు మొదట తామెక్కి పరీక్షించిన పిదపనే పిల్లలను ఎక్కనీయవలెను. బిగిసిన పట్టీ తెగినచో కొరడావలె ఎగురును. కావున దాని వరుసలో ఎవ్వరును నిలువరాదు.

చప్పట్లు నడచువారికే లభించును. మేకు కొట్టినవానిని ఎవ్వరును తలపరు. అయినను డోలు మ్రోగుటకు ముందు అతడు ప్రతి మేకును మఱల కదలించి చూడవలెను. బాలిక నవ్వుచు నేలకు దిగుటయే అతనికి దక్కు బహుమానము.