రెండోసారి అడిగిన అక్కచెల్లెళ్లు

సెలోపెహాదుకు కొడుకులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని ఐదుగురు కూతుళ్లు. తండ్రి అరణ్యంలోనే చనిపోయాడు. కొడుకులు లేని ఇంటికి వాగ్దాన భూమిలో వాటా లేకుండా పోయే పరిస్థితి. ఆ ఐదుగురూ గుడారంలో కూర్చుని ఏడవలేదు. మోషే ముందు, యాజకుడైన ఎలియాజరు ముందు, ప్రధానుల ముందు, సర్వసమాజం ముందు నిలబడి మాకూ భాగం కావాలన్నారు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడే చెప్పాడు (సంఖ్యా. 27:1-11). అది ఇశ్రాయేలుకు చట్టమయింది.

ఈ భాగం మీద ప్రసంగాలు చాలానే విన్నాం. అయితే కథ అక్కడితో అయిపోలేదు. మోషే కన్నుమూశాడు. జనం యొర్దాను దాటారు. భూమి పంచే రోజులు వచ్చాయి. అప్పుడు ఆ అక్కచెల్లెళ్లు మళ్లీ వచ్చారు (యెహో. 17:3, 4). దేవుడు మోషేకు ఇచ్చిన ఆజ్ఞను యెహోషువకు గుర్తుచేశారు. చట్టం రావడం వేరు, అది చేతికి అందడం వేరు. ఆ సంగతి వాళ్లకు తెలుసు.

మన కృష్ణా జిల్లాలో యానాది పిల్లల చదువు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ రెండో రాకే గుర్తొస్తుంది. దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు కాలవ గట్ల మీద వాళ్ల గుడిసెలు కనిపిస్తాయి. చేపలు, పీతలు పట్టుకుంటారు, పొలాల్లో ఎలుకలు పడతారు, కూలికి పోతారు. గుడివాడ పక్కన నందివాడలో చేపల చెరువులు, బందరు చుట్టూ రొయ్యల చెరువులు పెరిగాక కాపలా పని కూడా వచ్చింది. కాపలా అంటే ఒక్కడు చేసే ఉద్యోగం కాదు, ఇంటిల్లిపాదీ గట్టు మీదే కాపురం. చెరువు మారితే మకాం మారుతుంది. బడి మాత్రం ఊళ్లోనే ఉండిపోతుంది.

‘వాళ్లు పిల్లల్ని పంపరండీ’ అనేది మనందరికీ అలవాటైన మాట. అధికారులే కాదు, సంఘ పెద్దలూ అంటారు. కాని చట్టం అలా అనలేదు. 2002లో రాజ్యాంగ సవరణతో చదువు పిల్లల హక్కయింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లల్ని బడిలో చేర్చడమే కాదు, వాళ్లు రోజూ వచ్చేలా, ఎనిమిదో తరగతి పూర్తి చేసేలా చూడవలసిన బాధ్యత కూడా ప్రభుత్వానిదేనని ఆ చట్టం చెబుతోంది. పుట్టిన తేదీ కాగితం లేదని ఏ బిడ్డనూ వెనక్కి పంపకూడదు. వయసు మీరిన పిల్లవాణ్ని ఆ వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, విడిగా శిక్షణ ఇవ్వాలి. బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. అందులో బలహీన వర్గాల వాళ్లకు వాటా ఉండాలి. ఎన్ని బడి కమిటీల్లో యానాది తల్లి కూర్చుంది?

ఇంకో చిక్కు ఉంది. మన జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. యానాదుల కోసం ప్రత్యేకంగా ఐటీడీఏ ఉన్నది నెల్లూరులో. ఇక్కడ వాళ్లు మైదాన ప్రాంత గిరిజనులు, అంటే చెదిరి ఉన్న కొద్దిమంది. లెక్కల్లో ఎరుకల, సుగాలీలతో కలిపి ‘ఎస్టీ’ అని ఒకే గడిలో పడతారు. రాష్ట్రంలో గిరిజనుల అక్షరాస్యత 2001లో 37 శాతం, 2011లో 49 శాతం. అదే కాలంలో రాష్ట్రమంతటి లెక్క 60 నుంచి 67కు చేరింది. ఆ 49లో యానాది బిడ్డ ఎక్కడున్నాడో ‘ఎస్టీ’ గడి చెప్పదు.

ఆస్ట్రేలియాలో 2008లో ప్రభుత్వం అక్కడి ఆదివాసులకు పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. చదవడం, రాయడం, లెక్కల్లో ఆ పిల్లలకూ మిగతా పిల్లలకూ ఉన్న తేడాను పదేళ్లలో సగానికి తగ్గిస్తామని లక్ష్యం పెట్టుకుంది. ఏటా పార్లమెంటుకు లెక్క చెప్పే పద్ధతీ పెట్టింది. గడువు దాటాక లక్ష్యం అందలేదని అదే నివేదికలో ఒప్పుకోవలసి వచ్చింది. ఓటమే. అయినా ఓడిపోయామని చెప్పించుకునే ఏర్పాటు వాళ్లకు ఉంది.

మనం ఏం చేస్తున్నాం? క్రిస్మస్‌కు యానాది కాలనీలో చీరలు, పిల్లలకు నోటు పుస్తకాలు పంచి, ఫొటో దిగి వస్తాం. అది తప్పు కాదు. కాని నోటు పుస్తకంలో ఆ బిడ్డ ఒక వాక్యం రాయగలడా అని అడిగామా? చదువు విషయంలో బందరు సంఘాలకు పాత చరిత్రే ఉంది. 1843లో రాబర్ట్ నోబుల్ ఇక్కడ బడి పెట్టాడు. నిజం చెప్పుకోవాలంటే అది మొదట అగ్రవర్ణాల పిల్లలను ఉద్దేశించి పెట్టిన బడి. గడప దగ్గర ఎవరు ఆగిపోయారో చూసుకోవలసిన పని మనకు అప్పటి నుంచీ మిగిలే ఉంది.

మళ్లీ ఎలియాజరు దగ్గరకు వద్దాం. మోషే ముందు ఆ ఐదుగురు నిలబడినప్పుడు ఆయన అక్కడున్నాడు. యెహోషువ ముందుకు వచ్చినప్పుడూ ఉన్నాడు. మాట ఇచ్చిన నాయకుడు పోయాడు, విన్న యాజకుడు మిగిలాడు. ఎమ్మార్వోలు, ఎంఈవోలు, కలెక్టర్లు బదిలీ అవుతారు. ప్రభుత్వాలు మారతాయి. గుడివాడలో, అవనిగడ్డలో సంఘం మాత్రం అక్కడే ఉంటుంది.

జూన్‌లో బడులు తెరిచే ముందు ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, ఇద్దరు ముగ్గురు యౌవనస్థులు గట్ల మీదకు వెళ్లి గుడిసె గుడిసెకూ పిల్లల పేర్లు, వయసులు రాసుకు రావచ్చు. ఒకటో తరగతిలో చేరిన యానాది పిల్లలెందరు, ఐదులో మిగిలిందెందరు, పది పాసైందెందరు అని సమాచార హక్కు చట్టం కింద మండల విద్యాశాఖాధికారిని అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబునూ, గట్టు మీద రాసుకొచ్చిన పేర్లనూ పక్కపక్కన పెట్టి, ఆ పిల్లల తల్లులను వెంటబెట్టుకుని బందరు కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల కార్యక్రమానికి వెళ్లాలి. మాట్లాడవలసింది ఆ తల్లులు. పాస్టరుగారు పక్కన నిలబడితే చాలు.