నవధాన్యాలు చల్లే ముందు గొర్రెల కాపరులతో కూర్చోండి

వానలకు ముందు నవధాన్యాలు వేసే పద్ధతి, అదే మనం పీఎండీఎస్ అంటున్నది, దాని మీద వీడియోలు చాలానే ఉన్నాయి. విత్తనానికి మట్టి, ఘనజీవామృతం ఎలా పట్టించాలి, ఎన్ని రకాలు కలపాలి, అన్నీ చెప్తున్నారు. మొలిచిన పైరును ఊళ్లో ఎలా నిలబెట్టుకోవాలో మాత్రం తక్కువ మంది చెప్తారు. నన్నడిగితే అసలు కష్టం అక్కడే ఉంది.

వేరుశనగ, కంది ఇంటికి చేరాక మెట్ట చేలల్లో ఎవరి గొర్రెలైనా మేయొచ్చు. మా రాయలసీమ పల్లెల్లో ఇది పాత ఆచారం, రాసుకున్న కాగితమేమీ లేదు. పట్టా రైతుది, కోత తర్వాత మిగిలిన మేత ఊరిది. సెంటు భూమి లేని ఇంట్లో కూడా నాలుగు మేకలు బతుకుతున్నాయంటే దీనివల్లే. ఇప్పుడు మనం 365 రోజులూ నేల పచ్చగా ఉండాలంటున్నాం. నేలకు అది మంచిదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో మనం విత్తిన ప్రతి ఎకరమూ మందకు మూసేసిన ఎకరమే.

చట్టం రైతు వైపే ఉంది. 1871 నాటి పశువుల చట్టం ప్రకారం చేలో పడిన పశువుల్ని బందెలదొడ్డికి తోలొచ్చు. అట్లా తోలితే ఈ ఏడు పైరు దక్కుతుందేమో, మళ్లీ ఏడు మంద కట్టమని పిలిస్తే ఎవడొస్తాడు? రసాయన ఎరువు మానేసిన మనకు గొర్రెల మందను మించిన ఎరువుందా?

పగలు గ్రామసభ పెడితే కాపరులు కొండ మీద ఉంటారు. చేతులెత్తమంటే భూమి ఉన్నోళ్లే ఎక్కువ, వాళ్లదే గెలుపు. అందుకే మేము రాత్రి గొర్రెలు దొడ్డికి చేరాక కాపరుల దగ్గరికే పోయి కూర్చున్నాం. మేత గురించి గొడవ పడతారనుకుంటే ఒక పెద్దాయన వేరే సంగతి ఎత్తాడు: "నాయనా, మీ గింజల్లో జొన్న ఉందంట గదా. వాడిపోయిన లేత జొన్నలో నా గొర్లు పడి నాము తగిలితే నా సంసారమేం గావాల?"

ఆయనడిగింది న్యాయం. లేత జొన్నలో, అందులోనూ నీళ్లు లేక వాడిన దాంట్లో, సైనైడు విషం ఎక్కువ. పూత దశకు వచ్చేసరికి తగ్గుతుంది. డిప్లొమాలో మేము పుస్తకంలో చదివిందే. ఆయన చచ్చిన గొర్రెలను చూసి తెలుసుకున్నాడు.

ఆ ఒక్క మాటతో బేరం మారింది. బాట పక్క చేలల్లో జొన్న మానేసి అలసంద, పెసర, ఉలవ, నువ్వులు పెట్టుకున్నాం. తలా ఒక మూల కాకుండా చేలన్నీ ఒకే పక్కన కలిపి విత్తాం. కుంటకు పోయే దొంక వదిలేశాం. విత్తే ముందు ఆ చేలల్లో మంద కట్టించుకుని డబ్బులిచ్చాం. పైరు ఎదిగాక భూమి లేనోళ్లు ఎవరు కోసుకుపోవాలన్నది మహిళా సంఘం చూసుకుంది. మగవాళ్లకు అప్పజెప్పి ఉంటే అది తేలేది కాదులెండి.

ఒక రైతు ఒప్పుకోలేదు. "నా చేను, నా ఇష్టం" అని సొంతంగా కంచె వేసుకున్నాడు. ఆయన్ని ఎవరమూ బలవంతపెట్టలేదు, అదీ ఆయన హక్కే.

తేలనిది ఒకటుంది. ఎండాకాలం పై ఊర్ల నుంచి వచ్చే మందలకు మా ఒప్పందం తెలియదు. వాళ్లు ఎక్కడ దిగుతారో మా కాపరులకే ముందు తెలుస్తుంది కాబట్టి, ఈసారి కబురు పంపే పని వాళ్లే తీసుకున్నారు. దొంక ఎంత వెడల్పు వదిలామో, ఏ చేలో ఏం విత్తామో వీడియోలో చూపించాను. మీ ఊళ్లో ఎట్లా కుదిరిందో కూడా చెప్పండి.