21వ సూత్రం

1959లో ఒక పార్టీ తన సభ్యులకిచ్చిన స్వేచ్ఛ ఇవాళ మన ఎమ్మెల్యేలకీ ఎంపీలకీ లేదు

ప్రభుత్వ జోక్యం తగ్గాలనీ, మనిషి ఆస్తి మీదా శ్రమ మీదా నిర్ణయం అతనిదేననీ వాదించే లిబర్టేరియన్ల గురించి పుస్తకాలు వరసగా వస్తున్నాయి. మూడు పుస్తకాలు ముందేసుకున్నాను. మాట్ జ్వొలిన్‌స్కీ, జాన్ టొమాసీల 'ది ఇండివిడ్యువలిస్ట్స్' (2023) బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికాల్లో ఈ వాదం నడిచిన దారి చెబుతుంది. బానిసత్వం మీద తిరగబడ్డవాళ్లూ, ఉన్నదాన్ని ఉన్నట్టే కాపాడాలనుకున్నవాళ్లూ ఈ గూటి పక్షులేనని చూపిస్తుంది. గురుచరణ్ దాస్ 'ది డిలెమా ఆఫ్ ఏన్ ఇండియన్ లిబరల్' (2024) తన భావాలకి తగిన పార్టీ దొరకని ఉదారవాది గోడు. మూడోది ఆదిత్య బాలసుబ్రమణియన్ 'టువర్డ్ ఎ ఫ్రీ ఎకానమీ' (2023). అది స్వతంత్ర పార్టీ చరిత్ర. మన కోస్తా రైతులు లేకపోతే ఆ చరిత్రే లేదు.

అది చదివాక స్వతంత్ర పార్టీ మూలపత్రం మళ్లీ తీశాను. 1959 ఆగస్టులో బొంబాయి సభలో ఆమోదించిన 21 సూత్రాలవి. చాలావరకు అనుకున్నవే ఉంటాయి: సర్కారు పెత్తనం తగ్గాలి, సాగుభూమి మీద రైతు హక్కు చెక్కుచెదరకూడదు, పన్నుల భారం దిగాలి, పరిశ్రమల్లో పోటీ ఉండాలి. ఆఖరిది మాత్రం ఏ పార్టీ పత్రంలోనూ నేను చూడనిది. ఈ మూలసూత్రాల పరిధిలోకి రాని ప్రతి విషయంలోనూ సభ్యుడు తనకు తోచినట్టు మాట్లాడవచ్చు, తోచినట్టు ఓటెయ్యవచ్చు, పార్టీ అడ్డురాదు. అధికారం కోసం పుట్టిన పార్టీ తన చేతులు తానే కట్టేసుకోవడమిది.

అందులో ఎంత తెగువ ఉందో ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన నిలబెడితే తెలుస్తుంది. పార్టీ వ్యవస్థాపకుడు రాజాజీకి మద్యనిషేధం ప్రాణంతో సమానం. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధాని కాగానే సేలం జిల్లాలో దాన్ని అమలు చేసిన మనిషి. శ్రీకాకుళం జిల్లా బారువ నుంచి వచ్చిన గౌతు లచ్చన్న గీత కార్మికుల నాయకుడు. నిషేధమంటే తాటిచెట్టు ఎక్కేవాడి పొట్టకొట్టడమేనని పోరాడినవాడు. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది ఈ గొడవ మీదే. అయిదేళ్లు తిరిగేసరికి రాజాజీ, లచ్చన్న ఒకే నక్షత్రం గుర్తు కింద ఉన్నారు. ఒకరి నమ్మకం కోసం ఇంకొకరు నోరు కట్టేసుకోనక్కర్లేకుండా ఆ సూత్రం కాపు కాసింది.

ఇప్పటి సంగతి చూడండి. 1985లో 52వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పదో షెడ్యూల్ ప్రకారం, విప్‌ను ధిక్కరించి ఓటేసిన సభ్యుణ్ని పదిహేను రోజుల్లోగా పార్టీ మన్నించకపోతే సభ్యత్వానికే ఎసరు. ఆ చట్టం ఊరికే రాలేదు, నిజమే. 1967లో హర్యానా ఎమ్మెల్యే గయాలాల్ పక్షం రోజుల్లో మూడుసార్లు కండువా మార్చాడు. కానీ పదవి కోసం గోడ దూకేవాడూ, తన జిల్లా రైతుకి నష్టమని ఒక బిల్లును కాదనేవాడూ ఒకటేనా? ప్రభుత్వం నిలిచేదీ పడేదీ తేలే ఓటుకి విప్ ఉండాలంటే ఒప్పుకుంటాను. మిగిలిన బిల్లులన్నిటికీ ఎందుకు? నియోజకవర్గం పంపిన మనిషిని పార్టీ ఆఫీసు మర మనిషిగా మారుస్తుంటే, ఆ నియోజకవర్గానికి సభలో గొంతేదీ?

చరిత్ర క్లుప్తంగా: 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసింది. భూములు కలిపేస్తారంటే రైతు బెదిరాడు. నిడుబ్రోలు బిడ్డ ఎన్.జి.రంగా కాంగ్రెస్ వదిలి కొత్త పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. రాజాజీ, మీనూ మసానీ తోడు. 1962లో లోక్‌సభలో 18 సీట్లు. 1967లో 44తో అతిపెద్ద ప్రతిపక్షం. 1971లో ఎనిమిదికి దిగింది, 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

ఇంత మెచ్చుకుంటున్నా నా మనసు పూర్తిగా ఆ పార్టీ వైపు మొగ్గదు. అది భూపరిమితి చట్టాలను ఎదిరించింది. సెంటు భూమి లేని కూలీకి, నోటిమాట మీద కౌలు చేసేవాడికి ఆ ఎదిరింపు వల్ల దక్కిన స్వేచ్ఛ ఏమిటో నాకు కనబడదు. జైపూర్ గాయత్రీదేవి, రామ్‌గఢ్ రాజా లాంటివాళ్లు ఓట్లు తెచ్చారు, వాళ్లతోపాటే సంస్థానాల వాసనా వచ్చింది. రంగాగారు రైతు స్వతంత్రుడన్నారు. ఆ రైతు దగ్గర నాట్లు వేసిన ఆడమనిషి కూలి ఎవరు నిర్ణయించాలి? లైసెన్సుల రాజ్యాన్ని ముందే గుర్తుపట్టినవాళ్లు ఈ ప్రశ్న దగ్గర ఆగలేదు. కొత్త పుస్తకాలు రాసేవాళ్లయినా ఆగాలని నా కోరిక.

ఒకే ఒక్క అసమ్మతి

స్వతంత్ర పార్టీ పుట్టకముందే సర్కారు పెత్తనాన్ని ప్రశ్నించిన గొంతు ఒకటుంది. 1955లో రెండో పంచవర్ష ప్రణాళికపై సలహాకు ప్రభుత్వం ప్రముఖ ఆర్థికవేత్తల బృందాన్ని వేసింది. అందరూ ఒకవైపు, బి.ఆర్.షెనాయ్ ఒక్కరే రెండోవైపు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో స్వేచ్ఛా మార్కెట్‌వాది హయెక్ ఉపన్యాసాలు విన్న ఆయన విడిగా అసమ్మతి పత్రం రాశారు. దేశం పొదుపు చేయగలిగినదానికి మించి ఖర్చుపెట్టి, ఆ లోటును కొత్త నోట్లతో పూడిస్తే ధరలు పెరుగుతాయి, విదేశీ మారకం కరిగిపోతుంది, దాన్ని ఆపడానికి అదుపుల మీద అదుపులు పెట్టాల్సివస్తుంది అన్నది ఆయన వాదన. ప్రణాళిక 1956లో మొదలైంది. 1957లోనే విదేశీ మారకానికి కటకట వచ్చింది. మరుసటి ఏడాది సాయం కోసం దాత దేశాల కూటమి ఏర్పడింది.