క్రొత్తగా లేసు అల్లువారికి

ఈ పత్రికలో మేము సాధారణముగా ఊడ్పులను గూర్చియు, ఎరువులను గూర్చియు వ్రాయుచుందుము. కోతలు ముగిసిన పిమ్మట ఇంటికడ కొంత తీరిక చిక్కును గదా, ఆ కాలమున మా యాడువారు లేసుపని నేర్చిన లాభమా యని కొందఱు సభ్యులు మమ్మడుగుటచే నీ మాసమున దానిని గూర్చి వ్రాయుచున్నాము. తప్పక నేర్వవచ్చును. కాని అల్లికతోపాటు లెక్కయు నేర్వవలెను.

పశ్చిమ గోదావరి జిల్లాలోని నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములకు ఈ పని 19వ శతాబ్దిలో స్కాట్లండు మిషనరీల మూలమున వచ్చినది. ఆ యూళ్ల లేసు పడమటి దేశములకు పోవుచున్నది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఐనను 1982లో మరియా మీస్ అను జర్మను విదుషి ఈ పనివారిని గూర్చి ప్రకటించిన గ్రంథమున, దినమునకు ఆఱేసి గంటలు అల్లు స్త్రీలను సయితము లోకము ఇంట ఊరక కూర్చున్నవారినిగానే యెంచుచున్నదని చూపినది. అచట పువ్వు లల్లుట యొకరి పని, వానిని జతచేయు అతుకుపని వేఱొకరిది. పువ్వు మాత్రమే యెఱిగినవారికి గుడ్డ మొత్తము ఎంతకు అమ్ముడుపోయెనో తెలియదు.

ఇక నేర్చు విధము. మొదట సన్నదారము వలదు. దారమునకు అంకె హెచ్చినకొలది అది సన్నమగును. కనుక 10వ నంబరు తెల్లదారమును, దానికి తగిన కొక్కెపు సూదియు చాలును. ఉండను శుభ్రమైన గిన్నెలో నుంచినచో దొర్లి మాయదు. దారమును ఎడమచేతి వ్రేళ్ల నడుమ నడిపి, గొలుసుకుట్టు ఒక్కటే రెండు మూడు దినములు అల్లవలెను. కన్నులన్నియు ఒకే తీరున వచ్చువఱకు ముందునకు పోరాదు. బిగించి లాగినచో మఱుసటి వరుసకు సూది దూరదు; వదలినచో కన్నులు వ్రేలాడును. నారు నాటునపుడు ఎడము చేతికి అలవడునట్లే ఈ బిగియు అలవడును, చెప్పిన వచ్చునది కాదు.

తరువాత నిలువుకుట్టు. వరుస త్రిప్పునపుడు ఎత్తునకై 3 గొలుసుకన్నులు అల్లుదురు. అవియే ఆ వరుసలో మొదటి కుట్టు. తిరిగి వచ్చునపుడు వానిపై కుట్టు వేయుట మఱచినచో వరుసకొకటి తగ్గి, చదరపు ముక్క గోపురమువలె సన్నగిలును. ప్రతి వరుస చివరను లెక్కించుటయే దీనికి మందు. గుండ్రని పనికి 6 కన్నులను వలయముగా కలిపి, అందులో 12 నిలువుకుట్లు, పై చుట్లలో 24, 36 చొప్పున వేయుదురు. తగ్గిన పని గిన్నెవలె ముడుచుకొనును, హెచ్చిన కుచ్చిళ్లు పడును.

తప్పు వచ్చినచో జంకవలదు. రెండు సూదుల ఊలు అల్లికలో ఒక కన్ను జాఱిన నిచ్చెనవలె క్రిందివఱకు విడిపోవును. కొక్కెపు పనిలో ఎప్పుడును తెఱచియుండునది ఒక్క కన్నే. దారము లాగి తప్పువఱకు విప్పి మరల అల్లుకొనవచ్చును, దారమేమియు చెడదు. పిల్లలు విప్పుచున్నపుడు పెద్దలు కోపించుట మేము చూచియున్నాము. అది తగదు.

పది పువ్వులు వరుసగా సమానముగా వచ్చిన పిమ్మటనే అమ్మకపు మాట. అప్పుడు గడియారము చూచి ఒక పువ్వునకు పట్టు కాలమును వ్రాసికొనుడు. 20 నిమిషములు పట్టినచో గంటకు 3, ఐదు గంటలకు 15. ఆ 15 పువ్వులకు వచ్చు సొమ్మును మీ యూరి కలుపుకూలితో పోల్చి చూచుడు. వర్తకుడే దారమిచ్చునెడల, ఇచ్చిననాడు ఉండను, ఒప్పగించునాడు పువ్వులను మిగిలిన దారముతో కలిపి, ఒకే త్రాసున అతని యెదుటనే తూచుడు.